ఆపరేటింగ్ సిస్టమ్ లేని ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్

అనంతపురానికి ఇంజినీరింగ్ చదువు కొత్త కాదు. 1946లో గిండీలో మొదలైన కాలేజీ 1948లోనే ఇక్కడికి తరలివచ్చింది. జిల్లాకు వాన కరువు తీరలేదు గానీ ఇంజినీరింగ్ కాలేజీల కరువు మాత్రం బ్రహ్మాండంగా తీరింది.

వాటిలో ఏదో ఒక కాలేజీ ఓఎస్ ల్యాబ్‌కి వెళ్లి రికార్డు తెరవండి. ఎఫ్‌సీఎఫ్‌ఎస్ షెడ్యూలింగ్, అంటే ముందొచ్చినదాన్ని ముందు నడపడం. మూడు ప్రాసెస్‌లు, బర్స్ట్ టైమ్ 24, 3, 3. సగటు వెయిటింగ్ టైమ్ 17. పక్క పిల్లోడిదీ 17. వాడి సీనియర్‌దీ 17. సిల్బర్‌షాట్జ్ ఓఎస్ పాఠ్యపుస్తకంలో ఆ లెక్క ఉన్నంతకాలం 17కి ఢోకా లేదు.

"ఏమప్పా, యావరేజ్ ఎంత?"

"పదిహేడు సార్."

"వెరీ గుడ్. తర్వాతి వాణ్ని రమ్మను."

ఏ ప్రాసెస్‌కి ఎంతసేపు పడుతుందో మనమే టైప్ చేసి చెప్పాలట! కింద నడుస్తున్న అసలు లినక్స్ కెర్నెల్‌కి అంత భాగ్యం లేదు. ముందుగా ఎవరూ చెప్పరు, అయినా నెట్టుకొస్తోంది. అదెలాగో దాన్నే అడగొచ్చు కదా అంటే, సిలబస్‌లో లేదు.

అడిగే దారి ఇరవై ఏళ్ల నాటిదే. దాని పేరు కేప్రోబ్స్. కెర్నెల్‌లో ఒక ఫంక్షన్ మొదట్లో బ్రేక్‌పాయింట్ పెడితే, అక్కడికొచ్చిన ప్రతిసారీ మన కోడ్ నడుస్తుంది. 2002 అక్టోబరులో దాని తొలి రూపం రాసింది ఐబీఎం ఇండియాలోని వంశీకృష్ణ ఎస్. అని ఆ సోర్స్ ఫైలు తలమీదే ఉంటుంది. మన ల్యాబుల్లో బెంచీకొక వంశీకృష్ణ ఉంటాడు. పాపం, వాడికి ఆ ఫైలు చూపించినవాళ్లు లేరు.

2022లో వచ్చిన లినక్స్ 5.18 నుంచి ఒకే ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్‌ను, అంటే కెర్నెల్ లోపల నడిచే మన చిన్న కోడ్‌ను, ఒక్క దెబ్బతో వేల ఫంక్షన్లకు తగిలించొచ్చు. అప్పుడు ఆ ప్రోగ్రామ్‌కి వచ్చే మొదటి సందేహం: నన్నిప్పుడు పిలిచింది ఏ ఫంక్షన్ దగ్గర? మండల కేంద్రంలో వాన పడిందని కాగితం చేతికిస్తే, ఎవరి శనక్కాయ చేను తడిసిందో రైతుకేం తెలుస్తుంది? అందుకే ఆ ఫంక్షన్ అడ్రస్‌ను ప్రోగ్రామ్‌కి అందించే సాయం ఒకటి 2021లో 5.15లోనే చేర్చారు.

అందులోనూ తిరకాసు ఉంది. ఇంటెల్ మిషన్లలో బ్రేక్‌పాయింట్ ఒక బైటు. అది పేలేసరికి ప్రాసెసర్ చూపే అడ్రస్ ఒక బైటు ముందుకు జరిగి ఉంటుంది. భద్రత కోసం ఫంక్షన్ మొదట్లో కొత్త ఇన్‌స్ట్రక్షన్ చేరిస్తే ఇంకో నాలుగు బైట్ల తేడా. దాన్ని సరిచేయకుండా అడ్రస్ అందిస్తే, కెర్నెల్ ఫంక్షన్ల పట్టికలో ఆ అడ్రస్‌తో ఏ ఫంక్షనూ మొదలుకాదు. నాలుగు బైట్ల కోసం కెర్నెల్ వాళ్లు తలలు పట్టుకుంటుంటే, మనం ఫంక్షన్ పాయింటర్ అంటే ఏమిటో రెండు మార్కులకు నిర్వచనం రాయించి చేతులు దులుపుకుంటున్నాం.

"మాది వెనకబడిన ప్రాంతం, సౌకర్యాల్లేవు" అనే పాట ఉండనే ఉంది. దీనికి ఏ సౌకర్యం కావాలి స్వామీ? లినక్స్ ఉచితం, పనిముట్లు ఉచితం. పాడైపోతుందని భయమైతే వర్చువల్ మిషన్‌లో పెట్టండి. కావాల్సిందల్లా రూట్ పాస్‌వర్డ్. అదొక్కటే మన దగ్గర బీరువాలో పెట్టి తాళం వేసే వస్తువు. మామూలు యూజర్ కెర్నెల్ అడ్రస్‌లు చూడబోతే వరసగా సున్నాలే కనిపిస్తాయి. దొంగలకు దారి తెలియకూడదని కెర్నెల్ వాటిని దాస్తుంది. పిల్లలకు దారి తెలియకూడదని మనం ఎందుకు దాస్తున్నాం?

సిలబస్ కమిటీ పెద్దలకు ఒక్క మనవి. రికార్డులో ఒకే ఒక్క కొత్త ప్రయోగం చేర్చండి: ఈ గంటలో ఈ మిషన్ కెర్నెల్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు నడిచిన ఫంక్షన్ ఏది, ఎన్నిసార్లు? ఏ ఇద్దరి రికార్డుల్లోనైనా లెక్క అక్షరాలా ఒకటే వస్తే సంతకం పెట్టకండి. ఆ షరతుకు పిల్లలు భయపడరు. వైవాకొచ్చే సార్లే కొంచెం చదువుకుని రావాల్సి ఉంటుంది.