బోడిగుండుకీ మోకాలికీ పన్ను రాయితీ

2008 సెప్టెంబరు 29న, మునుగుతున్న బ్యాంకులను గట్టెక్కించే 70,000 కోట్ల డాలర్ల బిల్లును అమెరికా ప్రతినిధుల సభ ఓడించింది. ఆ ఒక్కరోజే డౌ జోన్స్ 777 పాయింట్లు జారింది. లోకమంతా గుండె చేత్తో పట్టుకుని కూర్చున్న ఆ వేళ సెనేట్ పెద్దలకు ఏం గుర్తొచ్చిందో తెలుసా? పిల్లలు గురిచూసి ఆడుకునే చెక్క బాణాలు. పాపం, వాటిమీద పన్ను ఉండిపోయింది కదా అని తీసేశారు. పనిలో పనిగా కార్ల పందేల మైదానాలకు ఇంత, రమ్ము పన్ను వాటా కింద ప్యూర్టోరికోకు ఇంత వడ్డించారు. సౌర విద్యుత్తుకున్న 30 శాతం రాయితీని ఎనిమిదేళ్లూ, గాలిమరల రాయితీని ఒక్క ఏడాదీ పొడిగించారు. ఇదంతా బ్యాంకుల బిల్లుతో సహా ఏ గిన్నెలో పోశారయ్యా అంటే, మానసిక వ్యాధులకు బీమా కల్పించే బిల్లులో. దేశం అప్పుడున్న స్థితికి ఆ గిన్నె అతకలేదని మాత్రం ఎవరూ అనలేరు. అక్టోబరు 3న బుష్ సంతకం కూడా అయిపోయింది.

దీని వెనక ఒక శాస్త్రోక్తమైన కారణం ఉంది. పన్నుల బిల్లు ఏదైనా ప్రతినిధుల సభలోనే పుట్టాలని అమెరికా రాజ్యాంగం. సెనేట్‌కు కనే హక్కు లేదు, పెంచే హక్కుంది. అందుకని ప్రతినిధుల సభ ఎప్పుడో పంపి మరిచిపోయిన బిల్లును ఒకదాన్ని అటక మీంచి దించి, బూరెలోంచి పూర్ణం తీసినట్టు లోపలిదంతా తీసేసి, ఆవకాయ కూరుతుంది. పైన తోపు అదే, నెంబరు అదే. కొరికినవాడికి కళ్లనీళ్లు వస్తే అది వాడి అదృష్టం.

ఇంతటి ఆచారం ఉన్న ఇంట్లో 2016 ఏప్రిల్లో ఉన్నట్టుండి మడి పుట్టుకొచ్చింది.

అంతకు నాలుగు నెలల ముందు, 2015 డిసెంబరులో, పెద్ద బేరం ఒకటి కుదిరింది. ముడిచమురు ఎగుమతిపై 40 ఏళ్లుగా ఉన్న నిషేధం ఎత్తేయాలి. బదులుగా ఎండకూ గాలికీ రాయితీలు పొడిగించాలి. సంబంధం ఏమిటంటారా? ఇచ్చిపుచ్చుకోవడాలకు మించిన సంబంధం ఏముంటుంది! అయితే ఆ హడావిడిలో ఫ్యూయల్ సెల్స్‌నూ, భూమిలోని వేడితో నడిచే హీట్ పంపులనూ, చిన్న గాలిమరలనూ పంక్తిలో కూర్చోబెట్టి విస్తళ్లు వేయడం మరిచిపోయారు. అది రాతలో దొర్లిన పొరపాటేనని డెమొక్రాట్ల నాయకుడు హ్యారీ రీడ్ వాపోయారు. వాషింగ్టన్‌లో వాటికి 'అనాథలు' అని పేరు కూడా పెట్టారు. ఏప్రిల్లో విమానయాన నియంత్రణ సంస్థ బిల్లు సెనేట్ ముందుకు రాగానే, వాటి చెయ్యి పట్టుకుని ఎక్కించబోయారు.

అప్పుడు లేచింది గగ్గోలు. చమురు వ్యాపారులైన కోక్ సోదరుల అండ ఉన్న 'అమెరికన్స్ ఫర్ ప్రాస్పెరిటీ' లాంటి సంఘాలు అడ్డం పడ్డాయి. విమానానికీ హీట్ పంపుకీ ఏమిటి సంబంధం? బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడతారా?

న్యాయమైన ప్రశ్నే. నేనైనా అదే అడుగుదును. కాకపోతే ఆ విమానాల బిల్లు సెనేట్‌లో ఏ రూపంలో కూర్చుందో కూడా చూసి అడుగుదును. దాని నెంబరు హెచ్.ఆర్. 636. ప్రతినిధుల సభలో పుట్టినప్పుడు దాని పేరు 'చిన్న వ్యాపారుల పన్ను ఊరట బిల్లు'. అంటే విమానమే అద్దె చొక్కా వేసుకొచ్చింది. రాత్రి నాటకంలో ఆడవేషం కట్టినవాడు పక్కవాడి మీసం పెట్టుడుదని గోల చేసినట్టుంది సంగతి. ఏప్రిల్ 19న 95-3 ఓట్లతో విమానం ఎగిరిపోయింది. అనాథలు స్టాండులోనే మిగిలిపోయారు. చివరికి 2018 ఫిబ్రవరిలో వాళ్లను ఎక్కించుకున్నది ఒక బడ్జెట్ చట్టం. అప్పుడు సంబంధం ఎలా కలిసిందో నాకు తెలియదు, గోత్రాలు కుదిరి ఉంటాయి.

ఇక్కడ చమురును మెచ్చుకోవాలి. తన పన్ను రాయితీ కోసం అది ఏటా ఎవరి బిల్లో ఎక్కి చూరు పట్టుకుని వేలాడదు. ఎందుకు వేలాడాలి? బావి తవ్విన ఖర్చులో చాలా మట్టుకు ఆ ఏడాదే లెక్కలోంచి తీసేసుకునే వెసులుబాటు దానికి వందేళ్లకు పైగా ఉంది. దానికి గడువు తేదీ లేదు. సొంతిల్లు ఉన్న ఆసామి అరుగు మీద కూర్చుని, సత్రంలో పడుకునేవాణ్ణి "ఎప్పుడు చూసినా పరాయి పంచనే ఉంటావేమయ్యా?" అని అడిగితే ఎంత బాగుంటుందో, చమురు కంపెనీల హితులు ఇలా పరాయి బిల్లులెక్కే 'రైడర్ల' గురించి బాధపడటమూ అంత బాగుంటుంది.

గాలిమర సంగతి చూడండి. 1992లో పుట్టిన దాని రాయితీకి తరచూ ఏడాదికో రెండేళ్లకో ఆయుష్షు తీరేది. మళ్లీ ఎవరి బిల్లు తోకో పట్టుకుని బతికేది. 2014లో దానికి ఊపిరి పోసిన చట్టం మీద ఒబామా సంతకం పడింది డిసెంబరు 19న. గడువు డిసెంబరు 31. దాటిపోయిన పదకొండున్నర నెలలకూ వెనక్కి వెళ్లి మరీ ప్రోత్సాహం ఇచ్చారు. ముందుకు పన్నెండు రోజులు ఉంచారు. ఆ పన్నెండు రోజుల్లో మర నిలబెట్టనక్కర్లేదు, పని మొదలుపెడితే చాలన్నారు. గడ్డపారకు అన్ని రోజులు చాలవూ!

(మనం పళ్లికిలించనక్కర్లేదు. ఎన్నికల బాండ్లు మనింటికి వచ్చింది 2017 ఆర్థిక బిల్లు చంకనెక్కే.)

2022లో బైడెన్ వంతు. ఎండకూ గాలికీ అమెరికా చరిత్రలోనే అతిపెద్ద వడ్డన చేసి, ఆ చట్టానికి 'ద్రవ్యోల్బణ తగ్గింపు' అని నామకరణం చేశారు. ఆ పేరు పెట్టకుండా ఉండాల్సిందని మరుసటి ఏడాది ఆయనే అనుకున్నారు. సెనేట్‌లో 51-50, ఉపాధ్యక్షురాలి ఓటుతో గట్టెక్కింది. 2025లో ట్రంప్ వంతు. ఆ వడ్డనలో చాలా మట్టుకు తీసేసిన చట్టం కూడా సెనేట్‌లో 51-50, ఉపాధ్యక్షుడి ఓటుతోనే. దాని పేరు 'ఒక పెద్ద అందమైన బిల్లు'. ఆ పేరును కూడా డెమొక్రాట్లు నిబంధన చూపించి చివరి నిమిషంలో కొట్టేయించారు. సంబంధం లేనివి కలపకూడదన్న పక్షం వారు అందులో టిప్పుల మీద పన్ను మినహాయింపు, సరిహద్దు గోడ, వైద్య సాయం కోత, అలాస్కా తిమింగలాల వేట నాయకుల ఖర్చు మినహాయింపు పదివేల డాలర్ల నుంచి యాభై వేలకు పెంపు, అన్నీ ఒకే విస్తట్లో వడ్డించారు. ఇళ్ల కప్పు మీద సౌర పలకలకున్న 30 శాతం రాయితీ మాత్రం 2025 డిసెంబరు 31తో సరి.

డల్లాస్‌లో ఉన్న మా తోడల్లుడు సరిగ్గా అక్కడే చిక్కుకున్నాడు. పలకలు పెట్టించాలా వద్దా అని మూడేళ్లు ఆలోచించి, సంక్రాంతి వెళ్లాక మంచిరోజు చూసి సరే అన్నాడు. ఈ కథంతా ఫోనులో చెబుతూ, చివర్న ఇంకో ముక్క చెప్పాను. సౌర పలకలు, బ్యాటరీలు దేశంలోనే తయారు చేసేవారి కోసం 2022లో పెట్టిన రాయితీ ఒకటుంది. ఆ అందమైన బిల్లు దాని జాబితాలోకి ఉక్కు తయారీకి వాడే బొగ్గును చేర్చింది, ఉత్పత్తి ఖర్చులో 2.5 శాతం, 2029 దాకా.

అవతల కాసేపు నిశ్శబ్దం.

"అన్నయ్యగారూ," అన్నాడు, "ఇంటి మీద నాలుగు బస్తాల బొగ్గు ఆరబోస్తే నాకూ వస్తుందేమో, కాస్త కనుక్కుని చెప్పండి."