ఏడు మిల్లీమీటర్లు

మా అనంతపురం జిల్లాలో గార పళ్ళు వింత కాదు. మా ఊళ్ళో నా తరం వాళ్ళమంతా బోరునీళ్ళు తాగి పెరిగాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడు ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగొద్దంటుంది. ఆ సంగతి మాకు తెలిసేసరికే పళ్ళమీద గోధుమరంగు చారలు పడిపోయాయి. అందుకే నోట్లో ఏం జరిగినా "మన నీళ్ళంతేలే" అనుకోవడం నాకు అలవాటైంది.

పంటి పింగాణీలో ఇంకిపోయిన ఫ్లోరైడు మరకనూ గారే అంటాం, పంటి మొదట్లో రాయిలా పేరుకునే పాచినీ గారే అంటాం. మొదటిది చూడ్డానికి బాగోదు గానీ చిగురు జోలికి పోదు. రెండోది చిగురు కిందికి దిగి కాపురం పెడుతుంది. అందులోని క్రిములతో ఒళ్ళు చేసే యుద్ధంలో పంటిని పట్టుకున్న ఎముకే కరిగిపోతుంది. ముప్పయ్యేళ్ళు నానార్థాలు చెప్పిన తెలుగు పంతులును, ఈ ఒక్క మాట దగ్గర బోల్తా పడ్డాను.

మొదట ఉమ్ములో నెత్తురు కనిపించింది. నొప్పి లేదు. నొప్పి లేనిది జబ్బే కాదని మా ఇంటి సిద్ధాంతం. బ్రష్షు తగిలితేనే కదా నెత్తురొస్తోందని బ్రష్షు మానేసి, వేలితో కచ్చిక బూడిద, ఉప్పు రుద్దాను. ఆ రోజుల్లోనే ఎప్పుడో మానేసిన బీడీ మళ్ళీ ముట్టించాను. నెల తిరిగేసరికి నెత్తురు ఆగింది! పొగాకు క్రిముల్ని చంపుతుందని స్టాఫ్ రూములో ఉపన్యాసం కూడా ఇచ్చాను. పొగాకు చిగుళ్ళలోని రక్తనాళాలను బిగించేస్తుందట. లోపల కుళ్ళుతున్నా పైకి నెత్తురు రాదు. కుక్క మొరగలేదు కాబట్టి దొంగ రాలేదనుకున్నానన్నమాట.

నోటి వాసనకు మా ఆవిడ మంచం దూరం జరుపుకుంది. ఉక్కపోత అనుకున్నాను. చిగుళ్ళు కిందికి జారి పళ్ళు పొడుగ్గా కనిపించాయి. వయసనుకున్నాను. శెనక్కాయలు కొరకలేక సంగటి, ఊరుబిండితో సరిపెట్టుకుంటూ, దానికి సాత్వికాహారమని పేరు పెట్టాను.

శెనక్కాయ పీకుడు రోజుల్లో కింది దవడ చిగురు ఉబ్బింది. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ రెండు రోజులు మింగి, వాపు తగ్గగానే మిగతావి దాచాను, మళ్ళీ పనికొస్తాయని. పది రోజులకు వాపు రెండింతలై తిరిగొచ్చింది. అర్ధరాత్రి దీపం దగ్గర పిన్నీసు కాల్చుకుని, అద్దం ముందు నోరు తెరిచి, బుడిపె మీద పొడిచాను. ఉప్పగా, చేదుగా చీము. ఒక్క నిమిషం ప్రాణం హాయిగా ఉంది. వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "యోవ్, ఏం జేస్తాండావయ్యా?"

తెల్లారేసరికి జ్వరం, దవడ బిగుసుకుపోయి నోట్లో ఒక వేలు కూడా పట్టని పరిస్థితి. పళ్ళ డాక్టరమ్మ ముందు పన్ను చూడలేదు. గడ్డం కింద నొక్కి చూసి, "గుటక పడుతోందా సార్? ఊపిరి ఆడుతోందా?" అని అడిగింది. అక్కడికి వాపు దిగితే గొంతు మూసుకుపోయి మనిషి పోవచ్చట. 1836లో దాన్ని వర్ణించిన లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడి పేరే ఇప్పటికీ ఆ జబ్బుకు. నాకు అంతదాకా రాలేదు. పిన్నీసు పుణ్యం మాత్రం కాదు.

చీము సరిగ్గా తీసి, మందులు పూర్తిగా వాడించాక, గీతలున్న సన్నటి పుల్లను చిగురుకూ పంటికీ మధ్య దించి కొలిచింది. "ఆరు... ఏడు... ఏడు..." అంటుంటే పక్కమ్మాయి రాసుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మాది. ఏడు మిల్లీమీటర్లంటే పదునుకు కూడా చాలని జల్లు. ఆరోగ్యమైన చిగురు మూడుకు మించి దిగదని తెలిసి నోరు మూశాను. నిజానికి మూయనివ్వలేదు.

మత్తిచ్చి, రెండు విడతల్లో వేర్ల దాకా గార గీకింది. మరీ కదులుతున్న దవడ పన్ను ఒకటి తీసేసింది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదట. మాత్రలతోనే పోదా అంటే, గార లోపలుండగా మాత్రలు ఎన్ని మింగినా వాపు మళ్ళీ వస్తుందంది. తర్వాత నెత్తురు పరీక్ష రాసింది. సుగరు 312. నాకుందనే తెలీదు. సుగరుంటే చిగుళ్ళు త్వరగా చెడతాయి, చెడిన చిగుళ్ళు సుగరును ఎగదోస్తాయి. చిగుళ్ళు బాగుచేస్తే మూడు నెలల సగటు చూపే ఏ1సి కొద్దిగానైనా దిగుతుందని చెప్పింది.

మూడు నెలలకు చిగురు లోతు ఏడు మిల్లీమీటర్ల నుంచి నాలుగైంది. అద్దంలో చూసుకుంటే రాయి పోయింది గానీ గోధుమ చారలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. "డాక్టరమ్మా, గార పోలేదే" అన్నాను. ఆమె పంటి మీద గోటితో తట్టి, "ఇది మీ నీళ్ళది సార్" అంది.

ఇప్పుడు చొక్కా జేబులో పెన్ను పక్కన, పళ్ళ సందుల్లో తోముకునే చిన్న బ్రష్షు ఉంటుంది. బీడీ మానడం ఇది రెండోసారి, ఎన్నాళ్ళో చూడాలి. పిన్నీసును మా ఆవిడ క్యాలెండరుకు గుచ్చి పెట్టింది. చుట్టాలొస్తే ముందు దాన్నే చూపిస్తుంది.