తాగేవాడి దగ్గరికి ముందు వెళ్ళకండి

ఆశా కార్యకర్తలకి, అంగన్‌వాడీ టీచర్లకి, డ్వాక్రా లీడర్లకి తాగుడుతో నలిగే కుటుంబాలను ఆదుకోవడం నేర్పుతున్నప్పుడు మొదటి గంటలోనే చెప్పాల్సిన మాట ఇది. తర్వాత చెప్పేవీ ఇలాంటివే. ఊళ్ళో పెద్దవాళ్ళు వింటే తప్పంటారు. అయినా పాటించమనే నా మనవి.

సాయంత్రం అతను తాగి వచ్చే వేళకి వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పారనుకోండి. తెల్లారేసరికి అతనికవేవీ గుర్తుండవు. భార్యకి మాత్రం మీరు వీధి మలుపు తిరగ్గానే దెబ్బలు పడతాయి: ఇంటి గుట్టు బయటపెడతావా అని. పొద్దున పది గంటలకి, అతను లేనప్పుడు వెళ్ళండి. అతని ఊసెత్తకండి. "వదినా, రాత్రి ఏం తిన్నావు?" అని అడగండి. "ఏముందమ్మా, పిల్లలకి పెట్టి పడుకున్నా" అంటుంది. సంఘం కిస్తీ ఎలా కడుతున్నావని అడగండి. బియ్యం డబ్బాలో దాచిన డబ్బు పప్పు డబ్బాలోకి, అక్కణ్ణుంచి పక్కింటావిడ చేతికి ఎలా మారిందో చెబుతుంది. పెద్దాడి చదువు గురించి కదిపితే అసలు సంగతి బయటికొస్తుంది. చీకటి పడితే వాడు పుస్తకం ముందు కూర్చోడు. సందు చివర నిలబడి తండ్రి నడక చూస్తాడు. కాలు తడబడుతోందా, చేతిలో సంచి ఉందా చూసుకుని, ఒక్క పరుగున వచ్చి అమ్మకి చెబుతాడు. చెల్లెల్ని పక్కింటికి పంపాలో వద్దో ఆవిడ అప్పుడు తేల్చుకుంటుంది. పదేళ్ళవాడు ఇంటికి కాపలా కాస్తున్నాడు. మీరు మొదట చూడాల్సిన రోగం అది. తండ్రి మానే దాకా వాడు ఆగలేడు.

కృష్ణా జిల్లా తీరాన గిలకలదిండి, నాగాయలంక వైపు తిరిగేవాళ్ళు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంకాస్త ఎక్కువ తిరగండి. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న ఆ 61 రోజులూ మగవాళ్ళు ఒడ్డునే ఉంటారు. చేతిలో డబ్బు ఆడదు, బెల్టు షాపులో అప్పు మాత్రం పుడుతుంది.

రెండో సలహాకి మరీ కోపం వస్తుంది: "ఇవాళ్టి నుంచి మానెయ్" అని ఎవరికీ చెప్పకండి. పొద్దున లేస్తూనే చుక్క పడితే తప్ప చేతుల వణుకు ఆగని మనిషి ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎప్పుడో పోయిన మనిషితో మాట్లాడతారు, ఒళ్ళు కాలిపోతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు. ఆ పూటా ఈ పూటా అని ఆగితే మనిషి దక్కకపోవచ్చు.

అందుకని మూడు ప్రశ్నలు నోటికి రావాలి. లేచాక ఎంతసేపటికి మొదటి గ్లాసు? తాగకపోతే చేతులు వణుకుతాయా? ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా? దేనికైనా భయపెట్టే జవాబొస్తే ముందు ఆసుపత్రి, ఆ తర్వాతే మానడం. గుడివాడ ఏరియా ఆసుపత్రి అయినా, బందరు పెద్దాసుపత్రి అయినా సరే. అప్పటిదాకా సీసా లాక్కోవద్దని భార్యకి నచ్చజెప్పండి. తాగించమని చెప్పినట్టుందే అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకోవచ్చు. పక్కన కూర్చుని మళ్ళీ చెప్పండి. ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా 108కి ఫోన్ చెయ్యాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్లూకోజు సీసా పెడతానంటే వద్దనండి. ఏళ్ళ తరబడి తాగి, సరిగ్గా తినని ఒంట్లో బీ1 విటమిన్ నిండుకుని ఉంటుంది. అది ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు.

కూరలో కలిపే పొడులు, చుక్కల మందులు ఎవరు తెచ్చినా పారబోయించండి. వాటిల్లో ఏముందో అమ్మేవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ అనే మందు నిజంగానే ఉంది, 1948 నుంచి తాగుడు మాన్పించడానికి వాడుతున్నారు. కానీ దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు చూస్తుండగా ఇవ్వాలి. తెలియకుండా పెడితే, అతను పైన మందు తాగినప్పుడు బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. పెట్టిన పాపానికి భార్య జన్మంతా కుమిలిపోవాలి.

గుళ్ళో ఒట్టు వేయించకండి. ఒట్టు తప్పాక మనిషి మీకు మొహం చాటేస్తాడు. నిలబెట్టుకున్న రోజులు కూడా తుడిచిపెట్టుకుపోయాయనుకుంటాడు. అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మానినవాడు మాల తీసిన రాత్రే మొదలెడితే అందరూ "దొంగ దీక్ష" అని తిట్టిపోస్తారు. మీరు తిట్టకండి. ఆ 41 రోజులూ సాయంత్రం ఆరు గంటలకి ఎక్కడున్నావు, ఎవరితో తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు అని అడగండి. భజన, భిక్ష, చన్నీళ్ళ స్నానం, పక్కన మరో పదిమంది స్వాములు. అతని సాయంత్రాలకి ఏం కావాలో ఆ జవాబులోనే దొరుకుతుంది. ఇంత పనికొచ్చే సమాచారం ఏ ఫారంలోనూ రాదు. మళ్ళీ తాగాడని తెలిసిన వారం తప్పకుండా ఆ ఇంటికి వెళ్ళండి. అతనికి మీ అవసరం ఎక్కువున్న వారం అదే.

దుకాణం మూయిస్తేనే ఏదైనా అవుతుందని ఆగిపోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. 2019లో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్ళాయి, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకి వచ్చాయి. ఆ పోరాటం గొప్పది, అవసరమైతే మళ్ళీ చెయ్యాల్సిందే. కానీ దుకాణం తెరిచి ఉన్న ఏళ్ళల్లోనూ ఆ పిల్లాడు సందు చివర నిలబడుతూనే ఉన్నాడు.

భర్త పనికి రాలేదని చేపల చెరువు యజమాని ఫోన్ చేస్తే "జ్వరం" అని అబద్ధం చెప్పొద్దని భార్యకి నేర్పండి. ఆ ఫోన్ అతన్నే ఎత్తనివ్వాలి. కొట్టే మనిషి అయితే మాత్రం ఈ సలహా చెల్లదు. ఆ ఇంట్లో ముందు ఆవిడా పిల్లలూ రాత్రికి ఎక్కడ తలదాచుకోవాలో తేల్చండి, 181 నంబరు ఆవిడకి కంఠతా రావాలి. సర్దుకుపొమ్మని మాత్రం అనకండి.

ఇక ఎవరికి నేర్పాలి? డిగ్రీలు చూడకండి. గోవాలో సంగాత్ సంస్థ మానసిక వైద్యంలో ఏ చదువూ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మోతాదు మించి తాగేవాళ్ళతో నాలుగు విడతల దాకా మాట్లాడించింది. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల తర్వాత ప్రమాదపు తాగుడు నుంచి బయటపడ్డవాళ్ళు ఆ స్థానికులు మాట్లాడినవాళ్ళలో నూటికి 36 మంది, మామూలు వైద్యమే అందినవాళ్ళలో 26 మంది. బాగా ముదిరినవాళ్ళని మాత్రం వాళ్ళూ డాక్టర్ల దగ్గరికే పంపారు.

శిక్షణకి వచ్చేవాళ్ళలో కొందరి ఇళ్ళల్లోనూ తాగేవాళ్ళుంటారు. వాళ్ళని పక్కన పెట్టకండి, మొదట వాళ్ళనే పిలవండి. అవతలి ఆవిడ ఎక్కడ మాట మింగిందో వాళ్ళకి చెప్పకుండానే తెలుస్తుంది. కాకపోతే సొంత వీధి కాకుండా పక్క ఊరు అప్పగించండి. వారానికోసారి కూర్చోబెట్టి, ఎన్ని ఇళ్ళు తిరిగావని కాకుండా నువ్వెలా ఉన్నావని అడిగే మనిషిని పెట్టండి. ఆ రోజుకీ టీఏ ఇవ్వండి. మధ్యలో దిక్కుతోచని రాత్రి వస్తే, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, టెలీ మానస్ 14416 వాళ్ళ కోసం కూడా ఉన్నాయని శిక్షణ మొదటి రోజే చెప్పండి.