ఏ గవికి పోవాలో ఎవరినడగాలి?

సెలవులు దగ్గర పడితే చాలు, మా ఇంట్లో పిల్లలంతా ఫోన్లు ముందేసుకుని కూర్చుంటారు. "తాతా, ఈసారి ఆదిమానవుల గుహలు చూసొస్తాం. పది చోట్లు దొరికాయి, మూడు రోజుల్లో అన్నీ చుట్టేయొచ్చు" అంటారు. ఆ పదీ ఎవరు ఎంచారు, ఏం చూసి ఎంచారు అని అడిగితే జవాబుండదు. జనం ఎక్కువగా ఫొటోలు దిగే చోటు పైన, దిగని చోటు కింద, అంతే. మనిషి పొయ్యి పెట్టుకుని పిల్లల్ని సాకిన గవికీ, నీళ్లు సున్నపురాతిని తొలిచి వదిలేసిన గవికీ తేడా ఆ జాబితాకు అక్కర్లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా రోజుల్లో గవికి పోవాలంటే ముందు ఊళ్లోకి పోయి మనుషుల్ని అడిగేవాళ్లం. మాది కర్నూలు వైపు. ఈ గుట్టల్లో గొర్రెల కాపరికి తెలియని గవి లేదు. వానొస్తే మందను ఎక్కడ నిలపాలో, ఏ సందులో ముళ్లపంది ఉందో, ఏ చరియకు తేనెపట్టు వేలాడుతోందో ఆయనే చెప్పాలి. ఆయన ఇవాళ వద్దన్నాడంటే ఆ రోజుకు ప్రయాణం ఆగినట్టే. చేతిలో లాంతరు, భుజాన సద్దిమూట, తాగడానికి నీళ్లు. పొద్దున బయల్దేరితే చూసేది ఒక్కటే గవి. దాని ముందర నీడకు కూర్చుని సద్ది తిని, లోపలంతా తిరిగి, పొద్దు వాలేలోగా బయటపడేవాళ్లం. ఇప్పుడు కారు దిగడం, ఫోన్ ఎత్తడం, మళ్లీ కారెక్కడం. దాన్ని చూడటం అని ఎట్లా అంటారు?

బేలుం పోవద్దని నేను చెప్పను. కొలిమిగుండ్ల దగ్గర పొలాల మధ్య నేల మీద బావుల్లాంటి గుంతలు, వాటి కింద 3,229 మీటర్ల గుహ. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత 1982, 83ల్లో డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా తిరిగి కొలిచాడు. 2002లో జనానికి తెరిచారు. అంతకుముందు అది చుట్టుపక్కల చెత్తంతా పడేసే చోటు. మా కాలంలో జరిగిన పనే అది, దాన్ని సమర్థించను. ఇవాళ మెట్లు, దీపాలు, లోపలికి గాలి పంపే ఏర్పాటు ఉన్నాయి, సంతోషం. పిల్లలకు, మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్లకు అవి కావాలి కూడా. అరకు వైపు బొర్రా గుహలదీ ఇలాంటి అందమే. అయితే ఈ రెండింట్లో మనం చూసేది ముఖ్యంగా నీళ్లు చేసిన పని. పాతరాతి మనిషిని వెతుక్కుంటూ పోయేవాడు బేలుం ఒక్కటి చూసి తిరిగొచ్చాడంటే అసలు చోటికి పోకుండానే వచ్చాడన్నమాట.

అసలు చోటు బేతంచెర్ల. నంద్యాల, డోను మధ్య రైలు స్టేషను. ఇంటి ముందు పరిచే బండల ఊరనే అందరికీ తెలుసు. ఆ పక్కనే బిల్లసర్గం గవులున్నాయి. పైకప్పు కూలిపోయి ఆకాశం కనపడే లోతైన సందులు, వాటి గోడల్లో నోళ్లు తెరిచిన గవులు. 1844లో న్యూబోల్డ్ అనే కెప్టెన్ ఇక్కడ ఎముకలు కనిపెట్టాడు. ఆ సంగతి పట్టుకుని లండన్‌లో ఉన్న జీవశాస్త్రవేత్త హక్స్‌లీ అడగ్గా, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ తవ్వకాలకు పురమాయించాడు. 1884లో బ్రూస్ ఫుట్ వచ్చాడు. 1863లో పల్లావరంలో రాతిగొడ్డలి దొరకబుచ్చుకుని ఈ దేశపు పాతరాతియుగాన్ని లోకానికి చూపించినవాడు ఆయనే. తర్వాత ఆయన కొడుకు హెన్రీ ఫుట్, ఫిరంగి దళంలో లెఫ్టినెంటు, ఇక్కడే మకాం వేసి ఎర్రమట్టిని పొరలు పొరలుగా తవ్వించాడు. ఒక గవికి కెథడ్రల్ అనీ, ఇంకోదానికి పర్గేటరీ అనీ, ఎముకలు కుప్పలుగా దొరికినదానికి చార్నెల్ హౌస్ అనీ పేర్లు పెట్టారు. ఆ ఎముకల్లో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. వాటిని పరిశీలించిన లిడెక్కర్ ఆ జంతువుకు రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. మన కర్నూలు పేరు! ఇవాళ పచ్చిక కూడా ఎండిపోయే ఈ నేల మీద ఖడ్గమృగం మేసిందంటే, ఇక్కడ ఒకప్పుడు నీళ్లెన్ని, గడ్డెంత ఉండాలి? ఆ సందులో నిలబడి ఈ ఒక్క ప్రశ్న వేసుకున్న పిల్లవాడికి ఆ పూట చాలు.

ఈ బేతంచెర్ల చుట్టుపక్కలే ముచ్చట్ల చింతమాను గవి ఉంది. 1970ల్లో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి అక్కడ తవ్వితే రాతి పనిముట్లూ ఎముక పనిముట్లూ, వాటితోపాటు సుమారు 17 వేల ఏళ్ల నాటి పొయ్యీ బయటపడ్డాయి. కాలిన మట్టిని పరీక్షించి కట్టిన లెక్క అది. మన ఊళ్ల పక్కన అంత పాత పొయ్యి ఉంటే, ఆ మాట తెలియకుండా దాని మీదుగా కారు తోలుకుని యాగంటి గుడికి పోయి సెల్ఫీ దిగొస్తున్నారు. యాగంటి కూడా పోండి, దండం పెట్టుకోండి. దారిలోనే బనగానపల్లె దగ్గర జ్వాలాపురం ఉంది. 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైతే ఎగిరిన బూడిద ఇక్కడ జుర్రేరు లోయలో తెల్లగా పేరుకుంది. రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల పురావస్తు బృందం ఆ బూడిద కిందా పైనా కూడా మనిషి చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించింది. ఆ ఉత్పాతం ముందూ వెనకా కూడా ఇక్కడ మనుషులు బతికారని వాళ్ల వాదన. ప్రపంచం మాట్లాడుకున్న ఆ బూడిదను మనవాళ్లు గిన్నెలు తోమే పొడికని తవ్వి అమ్ముకున్నారు. మా రోజుల్లో తెలియక చేశారంటే అర్థముంది. ఇంత తెలిశాక కూడా బండల గనులు గవుల అంచుదాకా వస్తుంటే ఊరుకోవడం నాకు మింగుడు పడదు.

ఇక రాష్ట్రం దాటి పోతామంటే రాతి బొమ్మల భీంబేట్కా కొండలు. అక్కడికి పోవడానికి మనకు సులువైన దారే ఉంది. హైదరాబాదు నుంచి ఢిల్లీ పోయే రైలు నర్మద దాటి, భోపాల్ ఇంకా రాకముందు, ఆ కొండల పక్కనుంచే పోతుంది. 1957లో పురావస్తు శాస్త్రవేత్త విష్ణు శ్రీధర్ వాకణ్కర్ ఆ లైనులో పోతూ కిటికీలోంచి ఆ రాళ్లను చూసి, ఇవి తను చూసిన బొమ్మల గుహల్లాగే ఉన్నాయే అనుకుని, దిగి నడిచి వెళ్లి వెతికాడు. ఏడు వందలకు పైగా రాతి చరియలు, వాటిలో నాలుగు వందల పైచిలుకు చరియల్లో బొమ్మలు. 2003లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మా రోజుల్లో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు అదే రైల్లో, అదే కొండల పక్కన, అద్దాలకు తెరలు దించి సినిమాలు చూసుకుంటూ పోతున్నారు.

జనానికి తెరిచినవి పదిహేను చరియలే. వాటిలోనూ అన్నిటి వెంటా పరుగెత్తనక్కర్లేదు. నాలుగో నంబరు చరియ ముందు కూర్చోండి. మొదట మీకు కనపడేవి నాలుగైదు జంతువులే. కళ్లు అలవాటు పడేకొద్దీ ఏనుగులు, అడవిదున్నలు, జింకలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఒక కాలం వాళ్లు తెల్లరంగుతో వేసినదాని మీద ఇంకో కాలం వాళ్లు ఎరుపుతో వేశారు. అడవి జంతువుల పక్కనే గుర్రాల మీద కత్తులు పట్టిన సైనికులు, అంటే చాలా తర్వాతివాళ్లు. ఎవరూ ముందువాళ్ల బొమ్మను చెరిపెయ్యలేదు. పదిహేనో చరియలో పంది ముఖం, పెద్ద కొమ్ములూ ఉన్న ఓ భారీ మృగం మనిషిని తరుముతూ ఉంటుంది. దానికి అరగంటైనా ఇవ్వండి. తొందరపాటు పండితులకు కూడా చేటే. ఆ కొండల్లోనే ఇంకో గుహ కప్పు మీద కోట్ల ఏళ్ల నాటి జీవి శిలాజం ఉందని 2021లో కొందరు రాశారు. తర్వాత వేరేవాళ్లు వెళ్లి నిదానంగా చూస్తే, అది రాలిపోయిన తేనెపట్టు జాడ.

తెలంగాణవాళ్లు అంత దూరం పోలేకపోతే భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్ట ఉంది. అక్కడి ఇసుకరాతి చరియల్లోనూ ఆదిమకాలపు బొమ్మలున్నాయి. కడప వాళ్లకు ముద్దనూరు దగ్గర చింతకుంట ఉంది.

ఫ్రాన్స్ పోయొచ్చిన మా బంధువు ఒకతను లాస్కో చూశానంటూనే, "అంతా నకలేనంట పెదనాన్నా, మోసం" అన్నాడు. మోసమేముంది నాయనా? 1940లో ఆ గుహ దొరికింది. జనం ఊపిరికీ చెమటకీ గోడలకు పాచి పట్టి బొమ్మలు పాడవుతుంటే 1963లో మూసేశారు. పక్కనే నకలు కట్టారు. అసలు బొమ్మలే కావాలంటే ఆ ప్రాంతంలోనే ఫోందగోం గుహ ఉంది, రోజుకు కొద్దిమందినే పంపుతారు, ముందు చూసుకుని పోవాలి. కాపాడుకోవడం వాళ్లకు తెలిసింది. మన దగ్గర బొమ్మ మసకగా ఉందని మీద నీళ్లు చల్లి చూపించేవాళ్లను మా కాలంలో కూడా చూశాను. బొగ్గుతో పేర్లు రాసేవాళ్లను చూశాను. ఇప్పుడు బొగ్గు పోయి ఆయిల్ పెయింటు వచ్చింది, పేరు పక్కన హృదయం బొమ్మ కూడా వచ్చింది.

అందుకే పిల్లలూ, ఆ పది చోట్ల జాబితా పక్కన పెట్టండి. ఒక సెలవుకు ఒక్క ప్రాంతం ఎంచుకోండి. మనిషి జాడ కావాలా, రాతి అందం కావాలా అన్నది ముందు తేల్చుకోండి. బేతంచెర్లకైతే ఎండలు ముదరకముందే, ఊళ్లో తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని పోండి. లోపల ఒంటరిగా తిరగొద్దు. తేనెపట్టు ఉన్న చోట పొగ, కేకలు వద్దు. బొమ్మ మీద చెయ్యి వెయ్యొద్దు, నీళ్లు చల్లొద్దు. పేరు రాసేవాడు కనపడితే, వాడు మీ స్నేహితుడైనా సరే, చెయ్యి పట్టుకుని ఆపండి.