తే తారిక్‌లో నా వాటా

మలేషియా వీధుల్లో తే తారిక్ అనే ‘లాగిన టీ’ కలిపేవాడి దగ్గర నిలబడితే కళ్ళన్నీ అతని చేతుల మీదే ఉంటాయి. ఒక చేయి తలకంటే ఎత్తులో, ఇంకొకటి నడుం దగ్గర, మధ్యలో గోధుమరంగు ధార. ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. అతని పక్కన బల్లమీద, తలపై రెండు చిల్లులు పొడిపించుకుని, ఒకదానిలోంచి గాలి పీల్చుకుంటూ రెండోదానిలోంచి పాలు వదిలే కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాను నేను. ఆ టీని ఇంట్లో కలుపుకోవాలనుకునే వాళ్ళు అన్నిటికంటే ముందు తీసేస్తున్నది నన్నే. తాజా పాలు పోసి, చక్కెర విడిగా వేసుకుంటే సరిపోతుందనీ, పైగా అదే ఆరోగ్యమనీ వాళ్ళ ఉద్దేశం. అలా చేస్తే మంచి టీయే రావచ్చు. తే తారిక్ మాత్రం రాదని నా వాదన.

పాలు విరిగిపోతాయన్న భయంలోంచి పుట్టాను నేను. 1856లో అమెరికాలో గెయిల్ బోర్డెన్, గాలి తీసేసిన పాత్రలో పాలలోని నీటిని ఆవిరి చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. అలా చిక్కబడ్డ పాలకు చక్కెర తోడైతే, మిగిలిన నీటిని ఆ చక్కెరే పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు దొరకనివ్వదు. ఫ్రిజ్‌లు లేని వేడి దేశాలకు నన్ను తీసుకుపోయింది ఈ గుణమే. ఆంగ్లో-స్విస్ కండెన్స్‌డ్ మిల్క్ కంపెనీ 1912లో పెనాంగ్‌లో వ్యాపారం మొదలుపెట్టింది. అప్పటి మలయా రబ్బరు తోటల, తగరపు గనుల దేశం. నాలాంటి డబ్బాలకు తుప్పు పట్టకుండా పూసే తగరంలో పెద్ద వాటా ఆ గనులదే. తోటల్లో పనికి తమిళులతోపాటు ఉత్తరాంధ్రనుంచి తెలుగువాళ్ళూ వెళ్ళారు. పెరాక్‌లోని బాగన్ దాతు కొబ్బరి తోటల చుట్టూ వాళ్ళలో కొందరు స్థిరపడ్డారు. ఆ దేశంలో ఆవులు లేవని కాదు. కానీ తెల్లవారుజామునుంచి రాత్రిదాకా ఆ ఉక్కపోతలో టీ అమ్మేవాడికి, పొద్దున పితికితే మధ్యాహ్నానికి విరిగే పాలతో పని జరగదు. చిల్లు పొడిచాక కూడా నిలిచే పాలు కావాలి. తమిళ ముస్లింలు నడిపే మామక్ కొట్లలో నాకు చోటు దొరికింది అందుకే.

అయితే అది గతిలేక చేసుకున్న సర్దుబాటు కదా, ఇప్పుడు ఇంటింటా ఫ్రిజ్ ఉండగా ఆ సర్దుబాటు ఎందుకని అడగవచ్చు. మొదలు సర్దుబాటే. కానీ ఆ టీలోని మిగతా అంశాలన్నీ నన్ను ఆనుకునే కుదురుకున్నాయి. అందులో వాడేది డస్టు టీ, అంటే ఆకును జల్లెడ పట్టినప్పుడు వచ్చే సన్నని పొడి. అది వేడినీళ్ళలో త్వరగా దిగుతుంది, నల్లగా దిగుతుంది, నాలుక పట్టేసేంత వగరుగా దిగుతుంది. పాలలోని కేసిన్ అనే ప్రొటీను ఆ వగరును పట్టుకుని మెత్తబరుస్తుంది. తాజా పాలలోనూ కేసిన్ ఉంది కదా అంటారు. ఉంది, తేడా నీటిలో ఉంది. నా పాలలో దాదాపు 28 శాతం పాల ఘనపదార్థం, ఆవుపాలలో 12, 13 శాతం. నా పాలు 40 గ్రాములు ఇచ్చేదాన్ని తాజా పాలతో ఇవ్వాలంటే 90 మిల్లీలీటర్లు పోయాలి. 200 మిల్లీలీటర్ల డికాషన్‌లో అన్ని పాలు పోస్తే టీ పలచబడుతుంది, రంగు వెలిసిపోతుంది. పాలూ చక్కెరా కలిసి వేడిలో చిక్కబడినప్పుడు పుట్టే ఆ లేత కమ్మదనం కూడా విడిగా వేసిన చెంచాడు చక్కెరతో రాదు.

ఇక లాగడం, అంటే టీని ఎత్తునుంచి ధారగా తిరగబోయడం. ఆ విద్య నావల్లే పుట్టిందని చెప్పుకోను. వేడి పానీయాన్ని ఇటూ అటూ తిరగబోసి చల్లార్చడం తెలుగిళ్ళలోనూ ఉన్న అలవాటే. కానీ నా పాలు నీటికంటే బరువు, డికాషన్‌లో పోయగానే అడుగుకు దిగుతాయి. ఎత్తునుంచి పడే ధార వాటిని పైకి లేపి కలుపుతుంది, గాలిని లోపలికి లాక్కుపోతుంది. ఆ గాలిబుడగల్ని ప్రొటీను పట్టి ఉంచితే నురగ నిలుస్తుంది. ధార పొడవునా వేడి పోయి టీ తాగేందుకు వీలవుతుంది. నురగ కోసమే అయితే కరెంటు కవ్వం చాలదా అనేవాళ్ళకు నా జవాబు ఇదే: కవ్వం నురగ ఇస్తుంది, టీని చల్లార్చదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చక్కెర గురించి. దాన్ని నేను దాటవేయను. నా బరువులో 40 నుంచి 45 శాతం చక్కెరే. 40 గ్రాములు వేస్తే ఒక్క కప్పులో కలిపిన చక్కెరే 18 గ్రాముల దాకా చేరుతుంది. రోజుకు 25 గ్రాముల లోపుంటే మరీ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. 2023 జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం మలేషియాలో పెద్దవాళ్ళలో 15.6 శాతం మందికి మధుమేహం. ఈ లెక్కలు చూశాక రోజుకు నాలుగు కప్పులు తాగమని నేను చెప్పలేను. కానీ దానికి మందు నన్ను తీసేసి అదే తీపిని చక్కెర డబ్బాలోంచి వేయడం కాదు. అక్కడివాళ్ళు కొట్టులోనే ‘కురాంగ్ మానిస్’ అంటారు, తీపి తక్కువగా అని. ఇంట్లో నన్ను సగానికి తగ్గించి, ఆ సగం స్థానంలో తీపి లేని ఎవాపరేటెడ్ పాలు పోయవచ్చు. చిక్కదనం పెద్దగా పోదు. ఇంకో నిందా నిజమే: నా రూపంలోనే వచ్చే కొన్ని డబ్బాల్లో ఉన్నది పాల వెన్న కాదు, పామాయిల్‌తో చేసిన తీపి క్రీమరు. డబ్బా మీద రాసింది చదివి కొనాలి. నమ్మకం లేకపోతే అర లీటరు వెన్నతీయని పాలలో 100 గ్రాముల చక్కెర వేసి, సన్నసెగ మీద కలుపుతూ 220 గ్రాములయ్యేదాకా మరిగించండి. అప్పుడు డబ్బా లేకుండా నన్నే చేసుకున్నట్టు. దానికి నాకు అభ్యంతరం లేదు.

ఇదంతా పాతరోజుల మీద మమకారమే అనేవాళ్ళూ ఉన్నారు. మమకారం ఉంది. ఖాళీ అయిన డబ్బాలకు దారం కట్టి అందులోనే వేడి కాఫీ, టీ పోసి ఇంటికి పంపేవారు. తర్వాత ఆ పని ప్లాస్టిక్ సంచికి, స్ట్రాకు పోయింది. ఆ దారం కట్టిన డబ్బాను మళ్ళీ తెమ్మని నేను అడగడం లేదు. నేను అడిగేది లోపలి పాల గురించే.

చేసే తీరు చెబుతాను. 250 మిల్లీలీటర్ల మరిగే నీళ్ళలో రెండు చెంచాల డస్టు టీ వేసి, మంట ఆపి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఉంచి, బట్టతో వడకట్టండి. రెండు పెద్ద చెంచాల నా పాలు కలపండి. వెడల్పు మూతి ఉన్న రెండు మగ్గులు తీసుకుని, మొదట జానెడు ఎత్తునుంచి, చేయి కుదిరాక మూరెడు ఎత్తునుంచి, సింకు దగ్గర నిలబడి ఏడెనిమిది సార్లు మార్చిపోయండి. పోసే మగ్గును పైకెత్తడం కంటే పట్టే మగ్గును కిందికి దించడం తేలిక. మిగిలిన పాలను నాలోనే ఉంచకండి. గాలి తగిలితే నా అంచులు తుప్పు పడతాయి. గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోండి.