పిలిచి పీట వేసినవాళ్ళే

మీ ఊళ్ళో నన్ను సర్కారు తుమ్మ అంటారు. ఇక్కడ ఢిల్లీ వసంత్ విహార్ పక్కన, అరావళీ జీవవైవిధ్య ఉద్యానంలో, నా పేరు విలాయతీ కీకర్. ఎక్కడ పలికినా మొహం చిట్లించే పలుకుతారు.

నా అంతట నేను రాలేదండీ. మా పుట్టిల్లు మెక్సికో, దక్షిణ అమెరికా వైపు. తెల్లదొరలే మా గింజలు జమైకా నుంచి తెప్పించి, 1878లో మీ కడప జిల్లా కమలాపురంలో నాటారు. కొత్త రాజధాని కట్టే రోజుల్లో ఈ రాళ్ళగుట్టలు బోసిగా ఉన్నాయని ఢిల్లీకీ పిలిచారు. అంతే, ఆ తర్వాత పలకరించిన నాథుడు లేడు. ఎవరూ నీళ్ళు పోయలేదు, కంచె కట్టలేదు. వేళ్ళు లోతుకు దించుకుని మా బతుకు మేమే బతికాం. ఇక్కడి గుట్టల్ని తవ్వుకున్నవాళ్ళు గుంతలు వదిలేసి వెళ్ళిపోతే, ఆ గట్ల మీద పచ్చగా నిలబడింది మేమే. అప్పుడు మేమంటే ఎవరికీ కంటగింపు లేదు.

నా నీడలో, నేను రాల్చిన ఆకుల కింద మరో మొక్క లేవడం కష్టం. నిజమే. ఎడారిలో పుట్టినదానికి పంచుకునే అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది?

తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం వచ్చింది. పాడైపోయిన నేలల్ని మళ్ళీ అడవిగా మార్చడమే వాళ్ళ పరిశోధన. గొడ్డలి తెస్తారనుకున్నాను. మొదలంటా నరికితే మోడు నుంచి మళ్ళీ గుబురుగా చిగురిస్తానని వాళ్ళకు తెలుసు. ఒక్కసారిగా పెకలిస్తే నేల బోసిపోతుందనీ, పక్షులకు గూడు పోతుందనీ తెలుసు. అందుకని కొమ్మలు మాత్రం కొట్టి, కిందికి ఎండ పడనిచ్చి, నా కాళ్ళ దగ్గరే మోదుగ, తెల్లతుమ్మ, ధౌ లాంటి అరావళీ చెట్లు నాటారు. అవి ఎదిగి నన్ను కమ్మేస్తే, వెలుతురు అందక నేనే ఎండిపోవాలి. ఇన్నాళ్ళూ నేను ఊరందరికీ చేసిందే నాకు చేస్తున్నారు. చదువుకున్నవాళ్ళు కదా, గొడ్డలికైతే ఇంత ఓపిక ఉండేది కాదు.

మోదుగ పూస్తే జనం ఫోటోలు తీసుకుంటారు. నా కాయలు తియ్యగా ఉంటాయి, ఒక్కరూ వంగి చూడరు. పశువులు చూస్తాయి లెండి. వాటి కడుపులో పడ్డా నా గింజలు చావవు, పేడలోంచి మొలుస్తాయి. కొమ్మలు కొట్టేవాళ్ళకు ఇంకా చాలా ఏళ్ళు పని ఉంది.