గడ్డినేల ఆటవెలది: టీకా తాత్పర్య సహితం

చక్ర మొకటి వెనుక చాలును గడ్డిలో
రెక్క మీద నున్న రీతి మేలు
నలుబదైన చాలు నంబ రింజనులోన
గాలి నెక్కు కొత్త కాంక్ష గలుగ

టీక: గాలిన్ = గాలిని; ఎక్కు = అధిరోహించు; కొత్త కాంక్ష = ఇంట్లోవాళ్లు దండగ పద్దు కింద రాసే కోరిక; కలుగన్ = పుట్టగా; గడ్డిలో = కోయించినా కోయనట్టే ఉండే మైదానంలో; వెనుక = తోక కింద; చక్రము ఒకటి, చాలును; రెక్క = విమానపు రెక్క; మీద నున్న రీతి = పొట్టకు పైన అమర్చిన తీరు; మేలు; ఇంజనులోన = మెథనాల్ తాగే గ్లో ఇంజన్లలో; నంబరు నలుబది ఐనన్ = 0.40 ఘనపుటంగుళాలది, అనగా సుమారు 6.5 సీసీది అయినా, చాలు.

తాత్పర్యం: గడ్డి మీంచి రేడియో విమానం ఎగరేయదలచిన కొత్తవాడు తోకచక్రం, పైరెక్క, నలభై ఇంజను ఉన్నదాన్ని ఎంచుకోవాలి. యుద్ధవిమానం బొమ్మలున్న అర వైపు చూడరాదు. (ఈ చివరి మాట కవిది కాదు, వ్యాఖ్యాత చనువు.)

విశేషాలు: కవి చక్రంతో ఎత్తుకోవడం గమనించాలి. కొనేవాడు ముందు రంగు చూస్తాడు, తర్వాత ఇంజను బలం అడుగుతాడు, చక్రాల సంగతి మైదానంలో తెలుసుకుంటాడు. ముక్కు కింద చక్రమున్న విమానానికి తారు రన్‌వే సుఖం. గడ్డిలో ఆ చక్రం దుబ్బుకు తట్టుకుంటుంది, దాని కమ్మి వెనక్కి వంగుతుంది, ప్రొపెల్లర్ మట్టి తవ్వుతుంది. తోకచక్రం ఉన్నదాంట్లో పెద్దచక్రాలు రెండూ బరువు కేంద్రానికి ముందుంటాయి. ముక్కు ఎత్తుగా నిలుస్తుంది, ప్రొపెల్లర్‌కూ గడ్డికీ ఎడం దొరుకుతుంది.

"తోకచక్రంది నేలమీద గిర్రున తిరిగే గుణం కాదా?" అని పూర్వపక్షం. తారు మీద నిజమే. గడ్డి పట్టు ఆ పొగరును చాలావరకు అణుస్తుంది. అయినా పరుగు మొదట్లో ఎలివేటర్ కర్రను వెనక్కి లాగి పట్టకపోతే ఇదీ బోర్లా పడుతుంది. పెద్దచక్రాలు 3 అంగుళాలకు తగ్గరాదు.

పద్యం చెప్పిన విమానానికి లక్ష్యం అమెరికాలో సిగ్ కంపెనీవారి కడెట్ ఎల్‌టీ-40. రెక్క పొడవు 70 అంగుళాలు. వచ్చేది ముక్కుచక్రంతోనే, గడ్డి మైదానాలవాళ్లు దాన్ని తోకచక్రానికి మార్చుకోవడం కద్దు. రెక్క రెండు కొసలూ కాస్త పైకి లేచి ఉంటాయి కాబట్టి, కంగారులో కర్ర వదిలేసినా విమానం తనంత తాను సర్దుకోజూస్తుంది.

మూడో పాదంలో "అరువదైన" అనే పాఠాంతరం కొందరు దుకాణదారులు ప్రచారంలోకి తెచ్చారు. గ్రాహ్యం కాదు. దానివల్ల యతీ చెడుతుంది, జేబూ చెడుతుంది. బలం చాలలేదనిపిస్తే ప్రొపెల్లర్ మార్చి చూడాలి: 10 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల పిచ్ (ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) మామూలు కొలత, వ్యాసం కాస్త పెంచి పిచ్ తగ్గిస్తే వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. గడ్డికి కావలసింది లాగుడే.

బ్యాటరీవాదులు అసలు ఇంజనే వద్దంటారు. ఎగిరిన ప్రతిసారీ రెక్కల మీద నూనె తుడిచే బాధ లేదు గనక వాళ్ల వాదాన్ని ఛందస్సు అడ్డంపెట్టి తోసేయలేం.

పద్యంలో కవి మరిచినది ఒక్కటి, గురువు. విమానం ఎదురుగా వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి. వాలిన రెక్క ఏ పక్క కనిపిస్తే ఆ పక్కకే కర్ర నొక్కాలన్న సూత్రం చదివితే వంటబట్టదు. గురువుకూ శిష్యుడికీ చెరొక ట్రాన్స్‌మిటర్ ఇచ్చి, మధ్య తీగ కలిపి నేర్పే పద్ధతి ఉంది. ప్రమాదం వస్తే గురువు మీట వదలగానే పగ్గాలు ఆయన చేతికొస్తాయి. కాబట్టి పాఠకులారా, ముందు అలాంటి మనిషిని వెతుక్కోండి, విమానం తర్వాత కొందురు.